ప్రశ్నపత్ర శాస్త్రం: భానూర్ సంప్రదాయం

ఏ శాస్త్రాన్నైనా మొదలుపెట్టేముందు నాలుగు సంగతులు తేల్చాలని మన పూర్వులు నియమం పెట్టారు: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. వీటికి అనుబంధ చతుష్టయమని పేరు. ఈ నాలుగూ చెప్పని గ్రంథాన్ని బుద్ధిమంతుడు ముట్టడట. మన ఇంజనీరింగ్ పిల్లలు టెక్స్ట్‌బుక్కులు ఎందుకు ముట్టరో దీన్నిబట్టి కొంత బోధపడుతుంది.

ఈ శాస్త్రానికి విషయం కాలేజీ పరీక్షలో అడిగే ప్రశ్న. జవాబు కాదు. జవాబు మీద లోకంలో కావలసినంత సాహిత్యం ఉంది: ఆల్ ఇన్ వన్‌లు, గెస్ పేపర్లు, ఒక్క రాత్రిలో అయిదు యూనిట్లు గట్టెక్కించే యూట్యూబ్ వీడియోలు. ప్రశ్న ఎక్కడ పుడుతుందో, ఎందుకలా పుడుతుందో చెప్పే గ్రంథం మాత్రం స్టాఫ్‌రూముల్లో కనిపించదు. ప్రయోజనం: వందలమంది పిల్లలు మూడేసి గంటలు రాసిందీ, మేష్టర్లు దిద్దిందీ, తెల్లకాగితమూ ఊరికే పోకుండా చూడటం. సంబంధం: ప్రశ్నకూ విద్యార్థి చదువుకూ ఏదో ఒక సంబంధం ఉండాలని ఈ శాస్త్రం ప్రతిపాదిస్తుంది. సాహసమని తెలిసే ప్రతిపాదిస్తున్నాం. ఇక అధికారి, అంటే దీన్ని చదవడానికి అర్హుడు: ‘రేపు పదింటికల్లా రెండు సెట్లు, స్కీముతో సహా పంపగలరు’ అని ఎగ్జామ్ బ్రాంచి నుంచి రాత్రి పదకొండుకు వాట్సాప్ అందుకున్న ప్రతి అసిస్టెంట్ ప్రొఫెసరూ.

శాస్త్రానికి ఒక దేశం కూడా ఉండాలి. నవ్యన్యాయానికి నవద్వీపం ఎలాగో, ప్రశ్నపత్ర శాస్త్రానికి భానూర్ అలాగ. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని ఈ ఊరు భారత్ డైనమిక్స్ వారి క్షిపణుల కర్మాగారంతో పేరుకెక్కింది. అటు ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, ఇటు పాశమైలారం పారిశ్రామికవాడ, పటాన్‌చెరులో ఇక్రిశాట్, రుద్రారంలో గీతం, కందిలో ఐఐటీ. ఆ ఐఐటీ కూడా 2008లో కళ్లు తెరిచింది ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఆవరణలోనే. షిఫ్టుకు పోయే కంపెనీ బస్సూ, మిడ్ ఎగ్జామ్‌కు పోయే కాలేజీ బస్సూ ఒకే ట్రాఫిక్‌లో ఇరుక్కునే నేల ఇది. ఇక్కడ తయారైన ఏ వస్తువునూ పరీక్షించకుండా గేటు దాటనివ్వరు. మాత్రకు ల్యాబులో పరీక్ష ఉంటుంది, బోల్టుకు గేజీ ఉంటుంది, క్షిపణికి ప్రయోగం ఉంటుంది. ఏ పరీక్షా లేకుండా నేరుగా వాడకందారు చేతికి వెళ్లే సరుకు ఈ చుట్టుపక్కల ఒక్కటే: పరీక్షలో ప్రశ్న. ఈ వైపరీత్యమే మన శాస్త్రానికి బీజం.

ప్రకరణం 1: పూర్వాచార్యులు

మొదటి ఆచార్యుడు యక్షుడు. ఎర్రన పూర్తిచేసిన అరణ్యపర్వ శేషంలో ఈయన పరీక్షా విధానం వివరంగా ఉంది. కేంద్రం కొలను గట్టు. చాయిస్ లేదు, సిలబస్ లేదు, అంతా వైవా. ప్రశ్న వినకుండా నీళ్లకు ఎగబడ్డ నలుగురు అభ్యర్థులు అక్కడికక్కడే కూలిపోయారు. అయిదోవాడు అన్నిటికీ ఓపిగ్గా చెప్పి, తానొక్కడే కాక తమ్ముళ్లనూ గట్టెక్కించాడు. తీరా చూస్తే ఎగ్జామినరు యమధర్మరాజు, అంటే అభ్యర్థికి స్వయానా తండ్రి. ఈ రోజుల్లో అయితే ఫలితాలు ఆగిపోయి, హైకోర్టులో రిట్ పడి, పరీక్ష మళ్లీ పెట్టాల్సి వచ్చేది.

రెండో ఆచార్యుడు బేతాళుడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. సరిగా చెప్పినా అభ్యర్థి మళ్లీ అదే చెట్టు దగ్గరికి రావాలి. సప్లిమెంటరీ వ్యవస్థకు మూలం ఇదేనని బ్యాక్‌లాగులున్న పండితుల అభిప్రాయం.

మూడోది మన సొంత సంప్రదాయం, అవధానం. ఇందులో ప్రశ్న అడిగేవాడికి పృచ్ఛకుడని గౌరవనామం ఉంది. తిరుపతి వేంకట కవుల కాలంలో ఊరూరా జరిగిన ఈ విద్యను మనవాళ్లు అవధాని వైపు నుంచే చూసి చప్పట్లు కొట్టారు. ప్రశ్నపత్ర శాస్త్రజ్ఞుడు పృచ్ఛకుడి వైపు నుంచి చూస్తాడు. సమస్య ఇచ్చే పృచ్ఛకుడు అర్థంలేనట్టు కనిపించే పాదం ఒకటి విసురుతాడు. దాన్ని అర్థవంతంగా పూరించే దారి ఒకటైనా ఉందని అతనికి ముందే తెలిసుండాలి. నిషిద్ధాక్షరి పట్టినవాడు అవధాని నోట రాబోయే అక్షరాన్ని ముందే పసిగట్టి అడ్డుకోవాలి. అంటే ఎదుటివాడి ఆలోచన తన బుర్రలో నడవాలి. పైగా ఇతను సభలో అందరి ఎదుటా కూర్చుంటాడు. ప్రశ్న పస లేనిదైతే నవ్వులపాలయ్యేది అవధాని కాదు, అడిగినవాడు.

యూనివర్సిటీ పేపరు సెట్టరు ఎవరో ఎవరికీ తెలియదు. ఆ గోప్యత లీకేజీలకు విరుగుడుగా పుట్టింది, అవసరమే. కానీ దానితోపాటు సిగ్గుపడే అవకాశం కూడా పోయింది. పృచ్ఛకుడికీ పేపరు సెట్టరుకూ ఉన్న ముఖ్యమైన తేడా పాండిత్యంలో లేదు, కుర్చీ వేసిన చోటులో ఉంది.

రాతపరీక్షల కథ త్వరగా ముగిద్దాం. చైనావాళ్లు శతాబ్దాలపాటు నడిపి 1905లో విసిగి మానేశారు. వాళ్లు మానేసేనాటికి మనం బాగా అలవాటుపడ్డాం. మద్రాసు యూనివర్సిటీ 1857లో, నిజాం రాజ్యంలో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా 1918లో వచ్చాయి. 1972లో రెండు సంస్థలు పుట్టాయి: హైదరాబాదులో జేఎన్‌టీయూ, పటాన్‌చెరులో ఇక్రిశాట్. రెండోది మెట్టపంటల విత్తనాల రకాలు లక్షకు పైగా సేకరించి, మొలకెత్తే శక్తి చెడకుండా శీతల గదుల్లో దాచింది. పాత ప్రశ్నలను తరతరాలు చెడకుండా నిలవ ఉంచే విద్యలో మాత్రం ఆ శాస్త్రవేత్తలు మన కాలేజీల దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. మనకు శీతల గది కూడా అక్కర్లేదు, గేటు పక్కన జిరాక్స్ షాపు చాలు.

ప్రకరణం 2: లక్షణమూ దాని దోషాలూ

సూత్రం: చదివినవాడి చేత జవాబునూ, చదవనివాడి చేత మౌనాన్నీ పలికించేది ప్రశ్న.

ఈ లక్షణం, అంటే నిర్వచనం, సరైనదేనా అని చూడటానికి తర్కశాస్త్రం సాయం కావాలి. తర్కసంగ్రహకర్త అన్నంభట్టు తెలుగువాడు. తన గ్రంథానికి తానే రాసుకున్న దీపికలో లక్షణానికి మూడు దోషాలు చెప్పాడు. ఆవు అంటే కపిలవర్ణం గలది అంటే తెల్లావు తప్పిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములున్నది అంటే బర్రె కూడా వచ్చి కూర్చుంటుంది, అది అతివ్యాప్తి. చీలిక లేని ఒంటిగిట్టది అంటే ఏ ఆవుకూ కుదరదు, అది అసంభవం. ఈ మూడూ పరీక్ష ప్రశ్నకు కూడా అచ్చుగుద్దినట్టు సరిపోతాయి.

అవ్యాప్తి గల పేపరు సారు చెప్పిన రెండు యూనిట్ల చుట్టే తిరుగుతుంది. మిగతా మూడూ సెమిస్టరు చివర ‘సెల్ఫ్ స్టడీ’ అయ్యాయి కనుక వాటి జోలికి పోదు. జేఎన్‌టీయూలో ఒకప్పటి ఆర్‌–09 పద్ధతిలో ఎనిమిది యూనిట్లు, ఎనిమిది ప్రశ్నలు, ఏవైనా అయిదు రాయాలి. కనుక పిల్లలు అయిదు యూనిట్లు చదివి మూడింటిని దేవుడికి వదిలేవారు. తరవాత వచ్చిన ఆర్‌–22లో అరవై మార్కుల పేపరుకు పార్ట్–ఎలో పది ఒక మార్కు ప్రశ్నలు, పార్ట్–బిలో యూనిట్‌కొకటి చొప్పున అయిదు పదిమార్కుల ప్రశ్నలు, ప్రతిదానికీ ‘లేదా’ అని ఇంకొకటి. దీంతో ఏ యూనిట్‌నూ దేవుడికి వదిలే వీలు లేకపోయింది. దేవుడే ఇప్పుడు ప్రతి యూనిట్‌లో సగం చూసుకుంటున్నాడు.

అతివ్యాప్తికి ఉదాహరణ: ‘ఆపరేటింగ్ సిస్టమ్స్ గురించి చర్చింపుము.’ ఎవరితో చర్చించాలో, ఎక్కడ ఆపాలో చెప్పరు. ఇందులో కొమ్మున్న ప్రతి జంతువూ దూరుతుంది. అసంభవానికి ఉదాహరణలు సర్వేసర్వత్రా: ఇవ్వవలసిన విలువ ఇవ్వని ప్రాబ్లమ్, కింద ఉందన్న పటం కింద లేకపోవడం, పాత రెగ్యులేషన్ సిలబస్ నుంచి దారితప్పి వచ్చిన ప్రశ్న. దీని గుర్తు ఏమిటంటే, పరీక్ష మొదలైన ముప్పావుగంటకు హాలు తలుపు దగ్గర ఒకాయన చీటీ పట్టుకుని నిలబడి, ‘ఏడో ప్రశ్నలో ఆర్ విలువ రెండు వేల ఓమ్‌లుగా చదువుకోండి’ అంటాడు. అప్పటికి ఆర్‌ను ఇరవైగా ఊహించి నాలుగు పేజీలు రాసిన పిల్లవాడి ముఖకవళికలను వర్ణించడం శాస్త్రం పరిధిలోకి రాదు.

ప్రకరణం 3: ప్రశ్నాభాసలు

తర్కంలో హేత్వాభాసలు అయిదు. ప్రశ్నలా కనిపించి ప్రశ్న కానివీ అయిదే.

మొదటిది గొలుసుప్రశ్న. ఎ జవాబు మీద బి, బి మీద సి ఆధారపడతాయి. మొదటి మెట్టుమీద కూడికలో జారినవాడు కిందిదాకా దొర్లుతాడు. పది మార్కుల ప్రశ్నలో వాడి చదువుకు కొలత పడేది ఒకే ఒక్క చోట.

రెండోది ఇంటిదొంగ. పార్ట్–ఎ మూడో ప్రశ్నకు జవాబు పార్ట్–బి ఏడో ప్రశ్న మొదటి వాక్యంలో అచ్చై ఉంటుంది. పేపరు మొత్తం చదివే పిల్లలు తక్కువ కాబట్టి ఇది చాలాసార్లు బయటపడకుండా పోతుంది.

మూడోది ముడిప్రశ్న: ‘కిందివాటిలో సరికానిది కానిది ఏది?’ ఇది సబ్జెక్టును కొలవదు, శ్వాస బిగబట్టే శక్తిని కొలుస్తుంది.

నాలుగోది షార్ట్ నోట్సు. సెట్టరు అలసిపోయినచోట ఇది మొలుస్తుంది. పేపరు చివర్లోనే ఎందుకుంటుందో దీన్నిబట్టి గ్రహించాలి.

అయిదోది, అన్నిటిలోకీ ప్రబలమైనది, కంఠస్థాభాస. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. ‘8086 మైక్రోప్రాసెసర్ పిన్ డయాగ్రమ్ గీసి వివరింపుము.’ 1978లో వచ్చిన ఈ చిప్పుకు నలభై కాళ్లు. పిల్లలు వాటి పేర్లను ఏ పాట రాగంలోనో కట్టి, ఎడమవైపు ఇరవై, కుడివైపు ఇరవై బట్టీపడతారు. పరీక్ష హాల్లో స్కేలు పెట్టి పెట్టెగీసి, వరసగా దింపుతారు. పదికి తొమ్మిది వస్తాయి. చిప్పు ఏం చేస్తుందని మర్నాడు అడిగితే, అది వేరే యూనిట్ సార్ అంటారు.

ఇదే చిప్పు మీద ఇంకో ప్రశ్న: ‘8086కు 20 అడ్రస్ లైన్లు, 16 డేటా లైన్లు కావాలి. కాళ్లు మొత్తం నలభయ్యే. మిగిలిన నాలుగూ కరెంటుకొకటి, గ్రౌండుకు రెండు, క్లాకుకొకటి పోగా సరి. మరి రీసెట్టు, రీడు, ఇంటరప్టులను ఎక్కడ పెట్టారు? దానికి చెల్లించిన మూల్యం ఏమిటి?’ అడ్రసూ డేటా ఒకే కాళ్లమీద వంతులవారీగా నడుస్తాయని, అందుకు ఒక క్షణం ఆగడం తప్పదని, అడ్రసును పట్టి ఉంచడానికి బయట లాచ్ పెట్టాలని తెలిసినవాడు ఆరు వాక్యాల్లో చెబుతాడు. నలభై పేర్లూ బట్టీపట్టినవాడి పెన్ను మూత తెరుచుకోదు. రెండు ప్రశ్నలకూ చిప్పు అదే, కాళ్లు అవే. మొదటిదాన్ని రాయడానికి సెట్టరుకు అర నిమిషం పడుతుంది, రెండోదానికి ఒక సాయంత్రం. గొడవంతా ఈ అర నిమిషానికీ ఆ సాయంత్రానికీ మధ్యనే ఉంది.

ప్రకరణం 4: బ్లూమ్ నిచ్చెన

1956లో బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికా పండితుడు తన బృందంతో కలిసి చదువు లక్ష్యాలను ఆరు మెట్లుగా పేర్చాడు. 2001లో శిష్యవర్గం దాన్ని సవరించింది: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, వాడటం, విడదీయడం, బేరీజు వేయడం, సృష్టించడం. మంచి నిచ్చెనే. 2014 జూన్‌లో మన దేశం వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం తీసుకున్నాక, అక్రెడిటేషన్ కావలసిన ప్రతి ఇంజనీరింగ్ కాలేజీకీ ఈ నిచ్చెన చేరింది. అప్పటినుంచి ప్రశ్న పక్కన మార్కుల గడితోపాటు ఇంకో రెండు గడులు వెలిశాయి: ఒకటి సీవో, అంటే కోర్సు ఔట్‌కమ్, ఇంకొకటి బ్లూమ్ లెవెల్. పిల్లలకు ఆ గడులేమిటో తెలియదు, కొందరు వాటినీ కూడి జవాబులో వేస్తారు.

నిచ్చెన ఎక్కే పద్ధతి భానూర్ సంప్రదాయంలో ఇలా ఉంటుంది. స్టాఫ్‌రూములో పేపరు చూసిన పెద్దసారు కళ్లజోడు పైకి నెట్టి అంటాడు:

‘మేడమ్, ఎల్‌–1లు ఎక్కువైనయ్. కమిటీ ఒప్పుకోదు. ఒక నాలుగు ఎల్‌–4 చేయండి.’

‘అయితే ప్రశ్నలన్నీ మళ్లీ రాయాలా సార్? మధ్యాహ్నం రెండింటికే ప్రింటు.’

‘ప్రశ్నలెందుకమ్మా? వెర్బులు మార్చు, చాలు.’

అంతట ‘ఓమ్ నియమాన్ని నిర్వచింపుము’ అన్నది ‘ఓమ్ నియమాన్ని విశ్లేషింపుము’ అవుతుంది. ‘రకాలు తెల్పుము’ అన్నది ‘రకాలను మూల్యాంకనం చేయుము’ అవుతుంది. స్కీములో జవాబు అక్షరం కూడా మారదు, మార్కులూ మారవు. రాయవలసింది అదేనని పిల్లలకూ తెలుసు, అందుకే వాళ్లు ఎవరూ కంగారుపడరు. క్రియాపదం ఒక్కటే ఆ సాయంత్రం మూడు మెట్లు ఎక్కి, ఫైలులో కూర్చుని, తనిఖీ బృందం కోసం ఎదురుచూస్తుంది.

బ్లూమును నిందించడం మన ఉద్దేశం కాదు. పాపం ఆయన మెట్లు కట్టింది విద్యార్థి ఎక్కడానికి. ఎక్కుతున్నది పేపరు.

ప్రకరణం 5: బిట్టు

ఆబ్జెక్టివ్ ప్రశ్నకు తెలుగునాట వాడుక నామం బిట్టు. 1914–15 ప్రాంతంలో కెన్సాస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ అనే ఆయన దీనికి ప్రాణంపోశాడు. మన దగ్గర 1986లో ఎంసెట్ దీన్ని ఇంటింటికీ చేర్చింది. ఇంజనీరింగ్ ఎంసెట్‌లో, ఇప్పటి ఎప్‌సెట్‌లో, 160 బిట్లు: గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు. నాలుగు ఆప్షన్లున్న 160 ప్రశ్నలకు కళ్లుమూసుకుని ఏదో ఒకటి నొక్కినవాడికి సగటున వచ్చేవి 40. అర్హత మార్కు 25 శాతం, అంటే సరిగ్గా 40. ఎస్సీ, ఎస్టీలకు ఆ హద్దు కూడా లేదు. కళ్లు తెరిచి చదివినవాడికీ, మూసుకుని నొక్కినవాడికీ మధ్య ఇంత సమత ఇంకెక్కడా కనపడదు.

బిట్టులో కష్టం సరైన జవాబు రాయడం కాదు, తప్పు జవాబులు రాయడం. సెట్టరు మొదటి తప్పును శ్రద్ధగా అల్లుతాడు. రెండోదాన్ని మొదటిదాని గుర్తు తిప్పి పుట్టిస్తాడు. మూడోదానికి వచ్చేసరికి బుర్ర ఎండిపోయి ‘పైవేవీ కావు’ అని వేస్తాడు. పిల్లలకు ఈ మనస్తత్వం తెలుసు. అందుకే అన్నిటికంటే పొడుగ్గా ఉన్న ఆప్షనే సరైనదని, ‘పైవన్నీ’ కనిపిస్తే కళ్లకద్దుకోవాలని వాళ్లకు వాళ్లే సూత్రాలు రాసుకున్నారు. అవి చాలాసార్లు నిజమవుతాయి. 2005లో మైఖేల్ రోడ్రిగెజ్ ఎనభై ఏళ్ల పరిశోధనలను కలిపి చూసి, బిట్టుకు మూడు ఆప్షన్లు చాలునని తేల్చాడు. నాలుగోది ఎండిన బుర్రలోంచి రాలినదేనని ఆయన అంత మాట అనలేదు గానీ, భావం అదే.

మరి బిట్టు మంచిదో కాదో తెలిసేదెలా? ఇక్కడ శాస్త్రం యూనివర్సిటీని వదిలి పాశమైలారం వెళుతుంది. ఏ మెషిన్ షాపులోనైనా రంధ్రం తొలిచిన పీసును చూడటానికి ఫిట్టరు చేతిలో గో–నోగో గేజీ ఉంటుంది. గో కొస రంధ్రంలోకి దూరాలి, నోగో కొస దూరకూడదు. రెండూ దూరితే పీసు రిజెక్టు, రెండూ ఆగినా రిజెక్టు. మంచి ప్రశ్న సరిగ్గా ఇలాంటి గేజీ. 1939లో ట్రూమన్ కెల్లీ దీనికి లెక్క చూపాడు. ఈయన ఇంకో కెల్లీ. క్లాసులో పై 27 శాతాన్నీ కింది 27 శాతాన్నీ విడదీసి, ఎవరెంతమంది సరిగా రాశారో చూడమన్నాడు. వంద మందిలో పై ఇరవై ఏడుగురిలో 24 మంది, కింది ఇరవై ఏడుగురిలో ఆరుగురు సరిగా రాస్తే తేడా 18, దాన్ని 27తో భాగిస్తే 0.67. బ్రహ్మాండమైన ప్రశ్న. రెండువైపులా ఇరవయ్యేసి మంది రాస్తే సున్నా. గేజీ అరిగిపోయిందన్నమాట. కిందివాళ్లే ఎక్కువ సరిగా రాస్తే? అప్పుడు పిల్లల్ని అనుమానించకూడదు, ముందు కీ చూసుకోవాలి.

ఈ లెక్కకు కావలసింది మార్కుల పట్టిక, కూడిక, తీసివేత. ప్రతి కాలేజీలో మూడూ ఉన్నాయి. లెక్క మాత్రం జరగదు. మార్కులు వచ్చాక అందరి కళ్లూ పిల్లవాడి మీదే ఉంటాయి, ప్రశ్నకు ఎన్ని మార్కులొచ్చాయో అడిగే నాథుడు లేడు.

ప్రకరణం 6: దిద్దుబాటు

1888లో ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికశాస్త్రవేత్త పరీక్షల గణాంకాలను తవ్వి, మార్కుల్లో అదృష్టం వాటా ఎంతో చూపించాడు. 1913లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు ఒకే జ్యామెట్రీ జవాబుపత్రాన్ని వందమందికి పైగా టీచర్లతో దిద్దించారు. ఒకరు 28 వేశారు, ఇంకొకరు 90 దాటించారు. సాహిత్యంలో అయితే అభిరుచి అనుకోవచ్చు, త్రిభుజం విషయంలో కూడా అంత అభిరుచి ఉందని అప్పుడే తెలిసింది. స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లివచ్చిన వారెవరికీ ఈ అంకెలు ఆశ్చర్యం కలిగించవు. ప్రశ్న అతివ్యాప్తమైతే జవాబుకు ఒడ్డు ఉండదు, ఒడ్డు లేనిచోట దిద్దేవాడు పేజీలు లెక్కపెడతాడు. దిద్దుబాటులో తప్పులకు మూలం సగం ప్రశ్నలోనే ఉందనేది ఈ ప్రకరణం సారాంశం.

ప్రకరణం 7: పూర్వపక్షమూ సిద్ధాంతమూ

పూర్వపక్షం ఒకటి: ‘టైమ్ ఎక్కడుందండీ? క్లాసులు, ల్యాబులు, అడ్మిషన్ల ప్రచారం, ఫైళ్లు. ఇంకో రెండు పేపర్లు కూడా నేనే సెట్ చేయాలి.’ నిజమే. పాత పేపరుకు వెళ్లేది బద్ధకం వల్ల కాదు, బతకడం కోసం.

రెండు: ‘ఆలోచించే ప్రశ్న ఇస్తే రిజల్టు పడిపోతుంది. మీటింగులో తెరమీద నా పేరు ఎర్రరంగులో వస్తుంది.’ ఇదీ నిజమే. ప్రశ్నకు యజమాని ఎవరో దీన్నిబట్టి తేలిపోతుంది.

మూడు, విద్యార్థి పక్షం: ‘సార్, జర ఈజీగ ఇయ్యండి సార్. ఈసారి గిట్ల పోతే ఇంట్ల తెలుస్తది సార్.’ ఈ పిల్లవాడి తండ్రి నైట్ షిఫ్టు చేసి ఫీజు కడుతుండవచ్చు. దీనికి తర్కంలో జవాబు లేదు.

నాలుగు, నవ్యపక్షం: ‘చాట్‌జీపీటీని అడిగితే నిమిషంలో యాభై ప్రశ్నలు, బ్లూమ్ లెవెల్స్‌తో సహా ఇస్తుంది కదా.’ ఇస్తుంది. ఆ యాభైకి జవాబులూ పిల్లలకు మరో నిమిషంలో ఇస్తుంది. మధ్యలో సారూ, పిల్లలూ ఉండటం ఆచారం కోసమే అవుతుంది.

వీటన్నిటికీ కలిపి సిద్ధాంత సూత్రం: తప్పు జవాబు ముందు, ప్రశ్న తరవాత.

భాష్యం. ప్రశ్న రాయడానికి కూర్చున్నవాడు మొదట చదవనివాడిగా మారాలి. వాడు ఏం రాసి పేజీ నింపుతాడో కాగితం మీద పెట్టాలి. ఆ తరవాత చదివినవాడి జవాబు రాయాలి. రెండూ ఒకే పొడుగుంటే, ఒకేలా మొదలైతే, అది ప్రశ్న కాదు, కొట్టేయాలి. సబ్జెక్టు తెలిసినవాడికి ఇది కష్టం, ఎందుకంటే ఒకసారి తెలిశాక తెలియనితనం గుర్తుండదు. అది దొరికేది ఒకే చోట: దిద్దిన పేపర్ల కట్టలో. కానీ మన వ్యవస్థలో చెప్పేవాడు ఒకడు, సెట్ చేసేవాడు ఇంకొకడు, దిద్దేవాడు మూడోవాడు. పిల్లవాడి తప్పు ఈ ముగ్గురిలో ఒక్కడికే, అదీ ఒక్కసారే కనిపిస్తుంది. ఆ తరవాత కట్ట గోడౌన్‌కు పోతుంది. మేలైన ముడిసరుకు అంతా అలా తూకానికి పోతుంటే, ప్రశ్నలు నాణ్యంగా లేవని ఏడవడంలో అర్థం లేదు.

ఈ సూత్రాన్ని భానూర్ నేలమీద రెండుసార్లు ప్రయోగించి చూపిస్తాం.

మొదటి ప్రయోగం, పర్యావరణ శాస్త్రం. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించిన పుణ్యాన ఈ సబ్జెక్టు అన్ని కోర్సుల్లోకీ వచ్చింది. ప్రశ్న ఏటా ఒకటే: ‘నీటి కాలుష్యానికి కారణాలు, నివారణోపాయాలు రాయుము.’ చదవనివాడి జవాబు: ‘నీరు జీవాధారం. నేడు నీరు అనేక విధాల కలుషితమగుచున్నది.’ నాలుగు పేజీలు. చదివినవాడిదీ నాలుగు పేజీలే. కొట్టేయండి. ఇప్పుడు ఇది చూడండి: ‘పటాన్‌చెరు ప్రాంతంలో మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకుల బృందం ప్రచురించింది. 500 మిల్లీగ్రాముల మాత్రలో ఉన్నంత మందు ఎన్ని లీటర్లలో ఉంటుంది? ఆ నీళ్లలో ఏ బ్యాక్టీరియా బతుకుతుంది? అది బతకడం వల్ల మంజీర ఒడ్డున జ్వరంతో ఉన్నవాడికి వచ్చిన చిక్కేమిటి?’ భాగహారం చేస్తే పదహారు లీటర్లు, ఇంచుమించు ఒక బిందె. ‘నీరు జీవాధారం’ అని మొదలెట్టినవాడికి రెండో వాక్యం తోచదు. ముక్కు మూసుకుని రోజూ నక్కవాగు దాటే పిల్లలు, తామెందుకు మూసుకుంటున్నారో రాయగలిగే ప్రశ్న ఇది.

రెండో ప్రయోగం, కమ్యూనికేషన్స్. పాత ప్రశ్న: ‘గైడెడ్ మీడియా రకాలు తెల్పుము.’ ట్విస్టెడ్ పెయిర్, కోయాక్సియల్, ఫైబర్: మూడు పేర్లు, మూడు బొమ్మలు. కొత్త ప్రశ్న: ‘భానూర్‌లో తయారయ్యే కొంకుర్స్–ఎం ట్యాంకు విధ్వంసక క్షిపణి వెనక సన్నని తీగ విప్పుకుంటూ పోతుంది, ప్రయోగించినచోటి నుంచి ఆదేశాలు దానిమీదుగానే అందుతాయి. గరిష్ఠ దూరం నాలుగు కిలోమీటర్లు. రేడియో ఉండగా తీగ ఎందుకు? తీగ వల్ల ఏం పోయింది?’ శత్రువు రేడియోను జామ్ చేయగలడు, తీగను చేయలేడు. కానీ తీగ పొడుగే దూరానికి హద్దు, పొదల్లో చిక్కుకుంటే అంతే సంగతులు. ఫ్యాక్టరీ రహస్యాలేవీ అక్కర్లేదు, ఈ వివరాలు బహిరంగంగా ఉన్నవే. ఆ ఫ్యాక్టరీ గోడ పక్కనుంచి నాలుగేళ్లు బస్సులో వెళ్లే పిల్లవాడికి గోడకు అవతల తన సిలబస్ ఉందని ఈ ప్రశ్న చెబుతుంది. పరీక్ష రాస్తూ ఒక కొత్త సంగతి తెలుసుకునే ప్రమాదం కూడా ఉంది, దానికి సెట్టరు సిద్ధపడాలి.

ఇక పూర్వపక్షాలకు సమాధానం. టైమ్ లేదన్నవారికి: పేపరంతా ఇలా రాయనక్కర్లేదు. ప్రతి సెమిస్టరుకు ఒక్క ప్రశ్న కొత్తది, మిగతావి యథాతథం. రిజల్టుకు భయపడేవారికి: ఆ ఒక్క ప్రశ్ననూ ‘లేదా’కు ఒకవైపు పెట్టండి, రెండోవైపు పిన్ డయాగ్రమ్ ఉండనివ్వండి. ఈజీగా ఇమ్మన్న పిల్లవాడికి: మంచి ప్రశ్న కష్టమైన ప్రశ్న కానక్కర్లేదు, చదివినవాడికి అది కంఠస్థం కంటే సులువు. యంత్రాన్ని నమ్మినవారికి: దాన్ని ప్రశ్నలు అడగవద్దు, తప్పు జవాబులు రాయించండి. చదవనివాడిలా నాలుగు పేజీలు నింపే విద్యలో దాన్ని మించినవాడు లేడు.

ఫలశ్రుతి

ఈ శాస్త్రాన్ని పరీక్షకు ముందురోజు రాత్రి పఠించిన విద్యార్థికి ఏ ఫలమూ లేదు, వెంటనే మూసి యూనిట్ రెండు తెరవాలి. సెట్టరు పఠిస్తే మొదటి ఏడు రిజల్టు తగ్గును, రెండో ఏడు తిట్లు తగ్గును, మూడో ఏడు జిరాక్స్ షాపువాడు పలకరించడం మానును. హెచ్‌వోడీ పఠిస్తే వెర్బులు స్థిరపడును. ఎగ్జామ్ బ్రాంచి పఠిస్తే వాట్సాప్ రాత్రి పదకొండుకు బదులు సాయంత్రం అయిదుకే వచ్చును. కట్టలు తూకానికి వేసే ముందు ఒక్క గంట తిరగేసిన మేష్టారికి పది కొత్త ప్రశ్నలు ఉచితంగా లభించును.

ఈ శాస్త్రంలో ఎక్కడైనా తప్పు దొర్లితే, చదవడానికి ప్రయత్నించినట్టు ఆధారం చూపిన వారందరికీ పూర్తి మార్కులు కలుపుతాం.